గ్రహాంతర సంకేతాలు: ఎంత వెదికాం, ఎంత మిగిలింది?

భూమికి ఆవల బుద్ధిజీవులు ఉంటే, వాళ్ల సంకేతం మనకు అందే అవకాశం ఎంత? ఇలా అడిగినప్పుడు మనం రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపేస్తున్నాం. వాళ్లు ఉన్నారా అన్నది మొదటిది. ఉంటే, మన చేతిలో ఉన్న పరికరాలతో, మనం వెదుకుతున్న తీరులో వాళ్ల జాడ పట్టుకోగలమా అన్నది రెండోది. మొదటిదానికి జవాబుగా నమ్మదగ్గ అంకె ఎవరి దగ్గరా లేదు. రెండోదానికి మాత్రం లెక్క కట్టవచ్చు, ఏటికేడు ఆ లెక్కను మెరుగుపరచుకోనూ వచ్చు. ఇన్నేళ్లు వెదికినా ఏమీ దొరకలేదు గనుక ఎవరూ లేరని కొందరు తేల్చేస్తారు. ఇన్ని కోట్ల నక్షత్రాలు ఉన్నాయి గనుక ఎవరో ఒకరు ఉండి తీరాలని మరికొందరు వాదిస్తారు. ఇద్దరిదీ తొందరపాటే. ఇంతవరకు జరిగిన అన్వేషణను వరుసగా పరిశీలిస్తే అదెందుకో తెలుస్తుంది.

మొదటి అడుగులు

1959లో కార్నెల్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్తలు జుసెప్పె కొక్కోని, ఫిలిప్ మారిసన్ ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. నక్షత్రాల మధ్య సందేశాలు పంపడానికి రేడియో తరంగాలు అనువైనవని, వాటిలోనూ 1420 మెగాహెర్ట్జ్ దగ్గర వెదకడం మేలని అందులో సూచించారు. విశ్వంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న హైడ్రోజన్ సహజంగా వెలువరించే తరంగం అది. దాని పొడవు 21 సెంటీమీటర్లు. ఖగోళశాస్త్రం నేర్చిన ఏ జాతికైనా ఆ పౌనఃపున్యం పరిచయమై ఉంటుందన్నది వాళ్ల తర్కం.

అదే సమయంలో ఫ్రాంక్ డ్రేక్ అనే యువ ఖగోళ శాస్త్రవేత్త సొంతంగా ఇదే ఆలోచనకు వచ్చాడు. 1960లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, గ్రీన్ బ్యాంక్ వేధశాలలో ఉన్న 26 మీటర్ల డిష్‌ను టౌ సెటై, ఎప్సిలాన్ ఎరిడానీ అనే రెండు నక్షత్రాల వైపు తిప్పాడు. రెండూ సూర్యుడిని పోలినవి, 10 నుంచి 12 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నవి. ‘ప్రాజెక్ట్ ఓజ్మా’గా పేరు పడ్డ ఆ ప్రయత్నంలో ఏ సంకేతమూ దొరకలేదు. అయినా గ్రహాంతర బుద్ధిజీవుల అన్వేషణ, పొట్టిపేరుతో ‘సెటీ’, ఒక ప్రయోగశాస్త్రంగా నిలబడింది అక్కడి నుంచే.

డ్రేక్ సమీకరణం చెప్పేదేమిటి

మరుసటి ఏడాది గ్రీన్ బ్యాంక్‌లో జరిగిన ఒక చిన్న సమావేశంలో చర్చను దారిలో పెట్టడానికి డ్రేక్ ఏడు అంశాలను వరుసగా రాసి వాటిని గుణించాడు. పాలపుంతలో ఏటా పుట్టే నక్షత్రాలెన్ని? వాటిలో గ్రహాలున్నవి ఎంత శాతం? ఒక్కో చోట జీవానికి అనువైన గ్రహాలెన్ని? వాటిలో జీవం పుట్టేవెన్ని? ఆ జీవం బుద్ధిని సంతరించుకునేవెన్ని? సంకేతాలు పంపే సాంకేతికత సాధించేవెన్ని? ఆ నాగరికత ఎంతకాలం ప్రసారం చేస్తూ ఉంటుంది? ఈ ఏడింటి గుణకారఫలమే ప్రస్తుతం పాలపుంతలో సంకేతాలు పంపుతున్న నాగరికతల సంఖ్య.

ఆనాడు మొదటి అంశం ఒక్కటే కాస్తో కూస్తో తెలుసు. సౌరకుటుంబం వెలుపల ఒక్క గ్రహమైనా ఉన్నట్టు ఆధారం లేదు. 1992లో ఒక పల్సార్ (అతివేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రం) చుట్టూ, 1995లో సూర్యుడిలాంటి 51 పెగాసీ అనే నక్షత్రం చుట్టూ గ్రహాలు బయటపడ్డాయి. 2009 నుంచి 2018 దాకా పనిచేసిన కెప్లర్ టెలిస్కోపు వేల గ్రహాలను పట్టింది. 2025 నాటికి నిర్ధారణ అయిన పరాయి గ్రహాల సంఖ్య 6,000 దాటింది. సగటున నక్షత్రానికి ఒక గ్రహమైనా ఉంటుందని నేడు ధీమాగా చెప్పగలుగుతున్నారు. అంటే రెండో అంశం చీకట్లోంచి పూర్తిగా వెలుగులోకి వచ్చింది, మూడోది సగం వచ్చింది.

ఆ తర్వాతి అంశాల దగ్గరే చిక్కంతా. జీవం పుట్టిన చోటు మనకు తెలిసింది ఒక్కటే. భూమి వయసు దాదాపు 450 కోట్ల ఏళ్లు. సుమారు 350 కోట్ల ఏళ్ల నాటి ఆస్ట్రేలియా శిలల్లోనే సూక్ష్మజీవుల జాడలున్నాయి. జీవం అంత తొందరగా పుట్టిందంటే అది తేలికగా జరిగే పనేమో అనిపిస్తుంది. బుద్ధి మాత్రం బాగా ఆలస్యంగా వచ్చింది. రేడియో వాడకం వయసు నూరేళ్ల పైచిలుకే. ఈ కాలక్రమం మీదే ఆధారపడి ఖగోళ శాస్త్రవేత్త డేవిడ్ కిప్పింగ్ 2020లో ఒక గణాంక విశ్లేషణ చేశాడు. భూమిలాంటి పరిస్థితులున్న చోట జీవం మాటిమాటికీ పుడుతుందనే వాదానికి దాదాపు 3:1 మొగ్గు ఉందని, బుద్ధి విషయంలో మాత్రం అది అరుదన్న వైపే 3:2 స్వల్ప మొగ్గు ఉందని తేల్చాడు. అవునో కాదో చెప్పడానికి 3:2 దాదాపు సమతూకమే.

ఇన్ని తెలియని అంశాలున్నప్పుడు ఒకే సమీకరణం నుంచి పొంతన లేని జవాబులు రావడంలో వింత లేదు. 2020లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన టామ్ వెస్ట్‌బీ, క్రిస్టఫర్ కాన్సెలీస్ ప్రస్తుతం పాలపుంతలో సుమారు 36 నాగరికతలు సంకేతాలు పంపుతూ ఉండవచ్చని లెక్క వేశారు. అనువైన గ్రహం మీద దాదాపు 500 కోట్ల ఏళ్లలో బుద్ధిజీవులు తప్పక తయారవుతారని, వాళ్ల ప్రసారకాలం కనీసం 100 ఏళ్లని ముందే అనుకుని వేసిన లెక్క అది. వాళ్ల కంటే రెండేళ్ల ముందు ఆండర్స్ శాండ్‌బర్గ్, ఎరిక్ డ్రెక్స్‌లర్, టోబీ ఆర్డ్ వేరే దారి పట్టారు. ఒక్కో అంశానికి ఒకే అంకె ఇవ్వకుండా, శాస్త్రం అనుమతించే హద్దుల మేరకు చిన్న విలువల నుంచి పెద్ద విలువల దాకా అన్నిటినీ లెక్కలోకి తీసుకున్నారు. పాలపుంతలో మనం ఒంటరివాళ్లమయ్యే సంభావ్యత 53 నుంచి 99.6 శాతం దాకా ఉండవచ్చని వాళ్లకు తేలింది.

ఈ రెండింటిలో ఏది ఒప్పు అని పోట్లాడుకోవడం దండగ. రెండోవారు మన అజ్ఞానపు వెడల్పును దాచకుండా చూపారు, అందుకే వాళ్ల పద్ధతి నాకు ఎక్కువ నిజాయతీగా కనిపిస్తుంది. మనం ఒంటరివాళ్లం కావడానికి గట్టి అవకాశమే ఉంది. అలాగని ఆ మాట రుజువైపోలేదు. భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ 1950లో అడిగిన ‘అందరూ ఎక్కడ’ అన్న ప్రశ్నను ఆధారం చేసుకుని, ఎవరూ ఇక్కడికి రాలేదు గనుక ఎవరూ లేరని 1975లో మైకేల్ హార్ట్ వాదించాడు. ఉన్నవాళ్లంతా విస్తరించాలనే కోరుకుంటారన్న ఊహ మీద నిలబడ్డ వాదం అది.

ఆయుష్షే అసలు సూత్రం

ఏడు అంశాల్లో చివరిది, నాగరికత ఆయుష్షు, అన్నిటికంటే బలమైనది. ఉదారంగా ఆలోచించి పాలపుంతలో ఏడాదికి ఒక నాగరికత పుడుతోందనుకుందాం. ఒక్కోటి 1,000 ఏళ్లు ప్రసారం చేస్తే ఏ క్షణాన చూసినా 1,000 నాగరికతలు ఉంటాయి. వినడానికి ఎక్కువే అనిపిస్తుంది. కానీ పాలపుంతలో కనీసం 10,000 కోట్ల నక్షత్రాలున్నాయి. పది కోట్ల నక్షత్రాలకు ఒక్కటన్న మాట. లక్ష కాంతి సంవత్సరాల వ్యాసంలో వాటిని సమంగా పంచితే మనకు అతి దగ్గరి పొరుగు దాదాపు 1,400 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది. వాళ్ల సంకేతం మనల్ని చేరేసరికే వాళ్ల వెయ్యేళ్లు నిండిపోతాయి.

ఇదే లెక్కలో ఆయుష్షును పది లక్షల ఏళ్లకు పెంచి చూడండి. లక్ష నక్షత్రాలకు ఒక నాగరికత దక్కుతుంది. పొరుగు వంద కాంతి సంవత్సరాల పరిధికి జరుగుతుంది. అప్పుడు వెదికితే దొరకడమే కాదు, తరాలు పట్టినా సంభాషణ కూడా సాధ్యమవుతుంది. నక్షత్రాల సంఖ్యా మారలేదు, గ్రహాల సంఖ్యా మారలేదు. నాగరికత తనను తాను కాపాడుకోగలిగిందా లేదా అన్నదొక్కటే మారింది.

2018లో క్లాడియో గ్రిమాల్డీ మరికొందరితో కలిసి, వారిలో డ్రేక్ కూడా ఉన్నాడు, ఇంకో సంగతి చూపాడు. ప్రసారకాలం లక్ష ఏళ్ల కంటే తక్కువైతే, మనకు అందే సంకేతం పంపినవాళ్లు అప్పటికే అంతరించిపోయి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది. కాబట్టి సంకేతం పట్టుకోవడం వేరు, పలకరింపుకు బదులివ్వడం వేరు. మొదటిది జరగడానికి అవతలివాళ్లు ఇప్పుడు బతికి ఉండనక్కర లేదు.

ఎలాంటి సంకేతం కోసం?

రేడియో అన్వేషకులు ముఖ్యంగా ఇరుకైన పౌనఃపున్యంలో కుదించిన సంకేతం కోసం చూస్తారు. ప్రకృతిలో పుట్టే రేడియో తరంగాలు ఎంత ఇరుకైనవైనా వందల హెర్ట్జ్‌ల మేర పరుచుకుంటాయి. ఒకటి రెండు హెర్ట్జ్‌లలో ఇమిడే సంకేతం వచ్చిందంటే దాని వెనుక యంత్రం ఉన్నట్టే. భూమి తిరుగుతోంది, అవతలి గ్రహమూ తిరుగుతూ ఉంటుంది. అందువల్ల దూరం నుంచి వచ్చే సంకేతపు పౌనఃపున్యం క్షణక్షణం కొద్దిగా జరుగుతూ ఉండాలి. అలా జరగకుండా స్థిరంగా ఉంటే అది మన పక్కనే ఉన్న యంత్రానిదని మొదటి అనుమానం.

రెండో వడపోత మరీ సరళం. టెలిస్కోపును కొన్ని నిమిషాలు నక్షత్రం వైపు, మరికొన్ని నిమిషాలు పక్కకు మార్చి మార్చి తిప్పుతారు. నక్షత్రం వైపు ఉన్నప్పుడు మాత్రమే వినిపించి, పక్కకు తిప్పగానే ఆగిపోతే అది పరిశీలించదగ్గది. ఈ పద్ధతి పనిచేస్తుందనడానికి నమ్మకమైన పరీక్ష వాయేజర్-1 అంతరిక్ష నౌక. దాని ట్రాన్స్‌మిటర్ శక్తి 23 వాట్లు, దూరం ఇప్పుడు 2,400 కోట్ల కిలోమీటర్లకు పైగా. గ్రీన్ బ్యాంక్ టెలిస్కోపు దాని సంకేతాన్ని స్పష్టంగా పట్టుకోగలిగింది.

అయితే నక్షత్రాల దూరాలు వేరు. మన దగ్గరున్నంత సాంకేతికతే అవతలా ఉంటే ఎంత దూరం నుంచి గుర్తించగలమని సోఫియా షేక్ బృందం 2025లో లెక్కించింది. ప్యూర్టో రికోలోని అరెసిబో టెలిస్కోపు గ్రహాలను పరిశీలించడానికి వాడిన రాడార్ లాంటిదైతే 12,000 కాంతి సంవత్సరాల దాకా కనిపిస్తుంది. మొబైల్ టవర్ల నుంచి తప్పించుకుపోయే తరంగాలు 4 కాంతి సంవత్సరాలు దాటితే మనకు అందవు. అంతే దూరంలో మనకు అతి సమీప నక్షత్రం ఉంది. అంటే అవతలివాళ్ల రోజువారీ ప్రసారాలు పొరపాటున మన చెవిన పడతాయని ఆశించలేం. వాళ్లు కావాలని మన దిక్కుకు పంపాలి, లేదా వాళ్ల శక్తిమంతమైన రాడార్ కిరణం అనుకోకుండా మన మీదుగా పోవాలి, అదీ మనం సరిగ్గా అటు వింటున్న సమయంలో. అవకాశం చిన్నదిగా కనిపించడానికి ఇది గట్టి కారణం.

చేతికందినట్టే అంది జారినవి

1967లో కేంబ్రిడ్జ్ పరిశోధక విద్యార్థిని జోసలిన్ బెల్ 1.33 సెకన్లకోసారి గడియారంలా క్రమం తప్పకుండా వచ్చే స్పందనలను గుర్తించింది. గ్రహాంతరవాసులేమో అన్న ఊహ క్షణకాలం తొంగిచూసింది గానీ, అవి అతివేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలవని త్వరలోనే తేలింది. పల్సార్లు అలా మనకు తెలిశాయి. 1977 ఆగస్టు 15న ఒహాయో రాష్ట్రంలోని ‘బిగ్ ఇయర్’ టెలిస్కోపుకు 72 సెకన్ల పాటు బలమైన సంకేతం అందింది. కంప్యూటర్ కాగితం మీద దాన్ని గుర్తించిన జెర్రీ ఎమన్ పక్కన ‘వావ్’ అని రాయడంతో అదే పేరు స్థిరపడింది. ఆ తర్వాత అదే దిక్కున ఎన్నిసార్లు వెదికినా అది మళ్లీ రాలేదు. మళ్లీ రాని సంకేతాన్ని శాస్త్రం ఆధారంగా తీసుకోదు.

2019లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపు మనకు అతి సమీప నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ వైపు చూస్తుండగా 982 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సంకేతం అన్ని వడపోతలనూ దాటి నిలిచింది. వివరంగా విశ్లేషించాక అలాంటివే వేరే పౌనఃపున్యాల్లోనూ కనిపించాయి. అది మన ఎలక్ట్రానిక్ పరికరాల నుంచి పుట్టిన రొదేనని 2021లో ప్రకటించారు. 2023లో పీటర్ మా అనే పరిశోధకుడి బృందం 820 నక్షత్రాల పాత సమాచారాన్ని యంత్ర అభ్యసన పద్ధతిలో జల్లెడ పట్టి, ముందు విశ్లేషణలకు చిక్కని 8 సంకేతాలను వెలికితీసింది. మళ్లీ అటు తిరిగి చూస్తే అవీ కనిపించలేదు.

వీటిని వైఫల్యాలుగా చూడటం అన్యాయం. తాము అత్యంత కోరుకునే జవాబును తామే గట్టిగా ప్రశ్నించుకుని తోసిపుచ్చడం ఈ రంగంలో ప్రతిసారీ జరిగింది. రేపు నిజమైన సంకేతం దొరికితే దాన్ని ప్రపంచం నమ్మగలిగేది ఈ క్రమశిక్షణ వల్లే.

ఇంతవరకు ఎంత?

అన్వేషణ చరిత్ర నిండా అంతరాయాలే. నాసా 1992లో మొదలుపెట్టిన సర్వేకు మరుసటి ఏడాదే అమెరికా కాంగ్రెస్ నిధులు ఆపేసింది. సెటీ ఇన్‌స్టిట్యూట్ ప్రైవేటు విరాళాలతో ‘ప్రాజెక్ట్ ఫీనిక్స్’ పేరిట దాన్ని కొనసాగించి 2004 నాటికి సుమారు 800 సమీప నక్షత్రాలను పరిశీలించింది. 1999లో మొదలైన ‘సెటీ ఎట్ హోమ్’ కింద 50 లక్షలకు పైగా జనం తమ ఇంటి కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని విశ్లేషణకు ఇచ్చారు. 2015లో సంపన్నుడు యూరీ మిల్నర్ పది కోట్ల డాలర్లతో ‘బ్రేక్‌త్రూ లిజన్’ అన్వేషణ కార్యక్రమాన్ని ప్రకటించడంతో రంగానికి కొత్త ఊపిరి వచ్చింది. ఆ కార్యక్రమం 2020లో 1,327 నక్షత్రాల ఫలితాలు వెలువరించింది. ఒక్క సంకేతమూ లేదు.

ఇక్కడ ముందు వేసిన లెక్కను గుర్తు చేసుకోవాలి. పది కోట్ల నక్షత్రాలకు ఒక నాగరికత ఉంటే, ఈ 1,327లో ఒక్కటైనా ఉండే అవకాశం సుమారు లక్షలో ఒక వంతు. ఏమీ దొరకకపోవడమే సహజం. పైగా నక్షత్రాలను లెక్కపెట్టడంతో అన్వేషణ పూర్తికాదు. దిక్కు, దూరం, పౌనఃపున్యం, సంకేతపు వెడల్పు, బలం, అది ఎంత తరచుగా వస్తుందన్నది, ఇలా అనేక కొలతలున్నాయి. జేసన్ రైట్, శుభం కనోడియా, ఎమిలీ లూబార్ 2018లో ఎనిమిది కొలతలను తీసుకుని, వెదకవలసిన మొత్తంలో వెదికినదెంతో లెక్కగట్టారు. భూమి మీది సముద్రాలన్నిటి నీటితో పోలిస్తే అది దాదాపు 7,700 లీటర్లకు సమానమని వాళ్ల ఫలితం. ఆ కాసిని నీళ్లలో చేప కనిపించలేదని సముద్రంలో చేపలే లేవనగలమా? మూగ ఆకాశమని మనం అంటున్నది నిజానికి వెదకని ఆకాశం.

రేడియోను దాటి

లేజర్ కాంతితోనూ సందేశాలు పంపవచ్చని 1961లోనే రాబర్ట్ ష్వార్జ్, చార్లెస్ టౌన్స్ సూచించారు. మరో దారి, ఎవరూ సందేశం పంపకపోయినా పనికొచ్చేది, శక్తి వాడకపు ఆనవాళ్లను వెదకడం. తన నక్షత్రపు శక్తినంతా ఒడిసిపట్టే నాగరికత చివరికి ఆ వేడిని పరారుణ కిరణాలుగా వదలక తప్పదని 1960లో ఫ్రీమన్ డైసన్ చెప్పాడు. ఆ ఆధారంతో 2015లో లక్ష గెలాక్సీలను పరిశీలించగా, నక్షత్రకాంతిలో అధికభాగాన్ని వాడేసుకున్న గెలాక్సీ ఒక్కటీ స్పష్టంగా తేలలేదు. ఇది చిన్న ఫలితం కాదు. గెలాక్సీలనే ఆక్రమించే మహా నాగరికతలు సర్వసాధారణం కావని కొలతతో చెప్పగలిగాం. 2024లో ‘హెఫైస్టోస్’ బృందం 50 లక్షల నక్షత్రాలను వడపోసి వింతగా వేడి వెలువరిస్తున్న ఏడింటిని ఎంచింది. వాటిలో కొన్నిటి వెనుక దూరపు గెలాక్సీలు దాగి ఉన్నాయని తర్వాతి పరిశీలనల్లో కనిపించింది.

మనం పంపినవి

వినడంతో పాటు పలకడం కూడా జరిగింది. 1974లో అరెసిబో నుంచి 1,679 బిట్ల సందేశం ఎం13 నక్షత్రగుచ్ఛం వైపు వెళ్లింది. అది దాదాపు 25,000 కాంతి సంవత్సరాల దూరం. 1977లో బయలుదేరిన రెండు వాయేజర్లు మోసుకుపోతున్న బంగారు పూత రికార్డుల్లో 55 భాషల పలకరింపులున్నాయి. వాటిలో తెలుగు కూడా ఒకటి. ఎవరో తెలియనివారికి మన ఉనికి చాటడం క్షేమం కాదని స్టీఫెన్ హాకింగ్ వంటివారు హెచ్చరించారు. అందరి తరఫున మాట్లాడే ముందు అందరినీ అడగాలన్న వాదన న్యాయమైనదే. వినడానికి ఆ అభ్యంతరం వర్తించదు.

నా అంచనా

ఇన్నిటినీ కలిపి చూస్తే మూడు మాటలు గట్టిగా చెప్పవచ్చు. మనం వెదికిన దగ్గరి నక్షత్రాల నుంచి 1,420 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో నిరంతరం మన వైపే శక్తిమంతంగా ప్రసారం చేస్తున్నవారు లేరు. గెలాక్సీలను నమిలేసే నాగరికతలు అరుదు. ఈ రెండూ మినహా దాదాపు ఏ అవకాశమూ ఇంకా కొట్టివేయబడలేదు. అది మూడో మాట. కాబట్టి ఇరవై ఏళ్లలో సంకేతం దొరుకుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మను. ఎప్పటికీ దొరకదన్నా నమ్మను.

దొరికే అవకాశాన్ని పెంచడం మాత్రం మన చేతుల్లో ఉంది. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో నిర్మాణంలో ఉన్న స్క్వేర్ కిలోమీటర్ అరే అనే రేడియో టెలిస్కోపు ఇప్పటిదాకా లేనంత సున్నితత్వం తెస్తుంది. దానిలో భారతదేశం భాగస్వామి. కేంద్రం 1,250 కోట్ల రూపాయలు కేటాయించింది. ఆ అర్హత మనకు ఉత్తినే రాలేదు. పుణె దగ్గర గోవింద్ స్వరూప్ నేతృత్వంలో కట్టిన 30 డిష్‌ల జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు 2016 అక్టోబరులో అంగారకుడి మీదికి దిగుతున్న షియాపరెల్లీ ల్యాండర్ బలహీన సంకేతాన్ని ఇక్కడి నుంచే పట్టుకుంది. అలాంటి టెలిస్కోపులు పల్సార్ల కోసమో గెలాక్సీల కోసమో ఆకాశాన్ని చూస్తున్నప్పుడే, అదే సమాచారంలో ఇరుకు సంకేతాలనూ వెదకవచ్చు. అదనపు టెలిస్కోపు సమయం అక్కర్లేదు, గణన సామర్థ్యం ఉంటే చాలు. ఈ పని అన్ని పెద్ద టెలిస్కోపుల్లో నిత్యకృత్యం కావాలి.

ఇంకో పక్క ముప్పు కూడా ఉంది. వేల సంఖ్యలో పెరుగుతున్న సమాచార ఉపగ్రహాలు రేడియో ఆకాశాన్ని రొదతో నింపుతున్నాయి. చంద్రుడి ఆవలి వైపు భూమి రొద చేరని చోటు అందుకే అమూల్యమైనది. అక్కడ కార్యకలాపాలు ఊపందుకోకముందే దాన్ని అంతర్జాతీయ ఒప్పందంతో కాపాడుకోవాలి. ఒకసారి పోయాక తిరిగి రాదు.

ఏమీ దొరకలేదన్న ఫలితం కూడా కొలతతో వస్తే విలువైనదే. ఎంత దూరం దాకా, ఎంత శక్తి దాకా, ఏ పౌనఃపున్యాల్లో ఎవరూ లేరో చెప్పే ప్రతి పట్టిక మన ఒంటరితనం గురించిన ఊహను కాస్త జ్ఞానంగా మారుస్తుంది. వందేళ్లు ఇలా వెదికాక మనం ఒంటరివాళ్లమేనని బలంగా అనిపిస్తే, ఈ ఒక్క గ్రహం మీది జీవానికి ఎంత విలువ కట్టాలో అప్పుడు కచ్చితంగా తెలుస్తుంది. దొరికితే, తనను తాను నాశనం చేసుకోకుండా ఒక సాంకేతిక జాతి చాలాకాలం నిలవగలదనడానికి మొదటి ఆధారం చేతికి వస్తుంది. రెండు జవాబుల్లో ఏది వచ్చినా మన భవిష్యత్తుకు పనికొస్తుంది. అందుకే ఈ అన్వేషణ విరాళాల దయ మీద కాక, ప్రభుత్వాల స్థిరమైన నిధులతో సాగాలి.